నాలుక మీద పుండుకు మెడ ఎందుకు కోస్తారు?

‘‘సారూ, పుండు ఉన్నది నాలికె మీద. మరి మెడ కోసుడెందుకు? మెడకు గడ్డ లేదు, నొప్పి లేదు గదా!’’

జైపూర్, శ్రీరాంపూర్, గోదావరిఖని ప్రాంతాల్లో ప్రభుత్వ డాక్టరుగా పనిచేస్తున్న ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. హైదరాబాదులో పెద్ద డాక్టర్లు చూసి, నాలుక కేన్సర్ ఇంకా మొదటి దశలోనే వుందనీ, ఆపరేషన్ చేస్తే నయమవుతుందనీ ధైర్యం చెబుతారు. చివర్లో ‘‘మెడలో గ్రంథులు కూడా తీసేస్తాం’’ అంటారు. ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ బెదిరిపోతారు. కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని, రైలెక్కి ఇంటికి వచ్చి, మా బోటి దగ్గరి డాక్టర్లను అడుగుతారు. ‘‘ఆపరేషన్ బిల్లు పెంచడానికి చెప్పి వుంటారా?’’ అని చాటుగా అడిగినవారూ వున్నారు.

ఆ ప్రశ్న అడిగినందుకు నేను ఎవరినీ కోప్పడలేదు. అది న్యాయమైన ప్రశ్న. ఇదే ప్రశ్న మీద ప్రపంచంలోని కేన్సర్ సర్జన్లు కొన్ని దశాబ్దాలపాటు వాదించుకున్నారు. చివరికి దానికి గట్టి జవాబు చెప్పింది మన దేశంలోని ఒక ఆస్పత్రే. ఆ జవాబు తెలియక, మంచి అవకాశం చేతిలో వుండగా వదులుకున్నవాళ్ళను నేను చూశాను. అందుకే ఈ వారం ఈ విషయం రాస్తున్నాను.

బాయిలో బీడీ కాల్చరు, కానీ...

బొగ్గుబాయిలో బీడీ, అగ్గిపెట్టె నిషేధం. మీథేన్ వాయువుకు నిప్పు తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుచేత బాయి దిగే మనిషికి తంబాకే తోడు. అరచేతిలో తంబాకు, సున్నం వేసి నలిపి, బుగ్గకూ పంటికీ మధ్య పెట్టుకుంటే షిఫ్టు సగం గడిచిపోతుంది. నోరు ఎండకుండా వుంటుందనీ, దుమ్ము గొంతులోకి పోదనీ, నిద్ర రాదనీ కారణాలు చెబుతారు. ఇంటి దగ్గర ఆడవాళ్ళకు ఆకు, వక్క, తంబాకు. కుర్రవాళ్ళకు పొట్లాలు. గుట్కా అమ్మకూడదన్నారని ఒక పొట్లంలో వక్క, ఇంకో పొట్లంలో జర్దా అమ్మితే, రెండూ నోట్లో కలుపుకునే తెలివి మనవాళ్ళకు వుంది!

తంబాకు లేకుండా ఒట్టి వక్క నమిలితే ఏమీ కాదని చాలామంది నమ్మకం. ఇది తప్పు. వక్క కూడా కేన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధనా విభాగం 2004లోనే స్పష్టం చేసింది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరంలో కొందరు ఆడవాళ్ళు చుట్ట నిప్పును నోటిలోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. వాళ్ళకు అంగిట్లో కేన్సర్ వస్తుంది. తంబాకు బుగ్గన పెట్టే మా వైపువారికి బుగ్గ లోపల, నాలుక పక్క అంచున వస్తుంది. నిప్పు ఎక్కడ పెడితే అక్కడ కాలుతుంది గదా!

ఏ అలవాటూ లేనివారికి కూడా అప్పుడప్పుడు నాలుక కేన్సర్ వస్తుంది. కాబట్టి ‘‘నాకు తంబాకు అలవాటే లేదు, నాకెందుకు వస్తుంది?’’ అని పుండును ఉపేక్షించకూడదు.

ఏ పుండును అనుమానించాలి?

నోటి పూత అందరికీ వస్తుంది. అది విపరీతంగా మండుతుంది, వారం పది రోజుల్లో మానిపోతుంది. మొన తేలిన పుచ్చు పన్ను గీరుకుని కూడా పుండు పడుతుంది. ఆ పన్ను తీయించేస్తే రెండు వారాల్లో మానుతుంది.

కేన్సర్ పుండు తీరు వేరు. మొదట్లో అది నొప్పి పెట్టకపోవచ్చు. అసలు ప్రమాదమంతా అక్కడే వుంది. నాలుక పక్కన చిన్న పుండు, లేదా తెల్లటి మచ్చ, ఎర్రటి మచ్చ. వేలితో నొక్కితే అడుగున గట్టిగా, బిళ్ళలాగా తగులుతుంది. ఒక్కోసారి రక్తం వస్తుంది. కొన్నాళ్ళకు కారం తగిలితే మంట, చెవిలోకి పోటు, మాట ముద్దగా రావడం మొదలవుతాయి.

మూడు వారాలు దాటినా మానని పుండును బి-కాంప్లెక్సు బిళ్ళలతో, పసరు మందులతో మభ్యపెట్టకండి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ‘‘ముక్క తీస్తే పాకుతుంది’’ అనే మాట ఊరూరా వుంది. నోటి పుండులోంచి చిన్న ముక్క తీసినందువల్ల కేన్సర్ పాకదు. ముక్క తీయకుండా నెలలు గడిపితే మాత్రం తప్పకుండా పాకుతుంది.

నాలుకకూ మెడకూ ఏం సంబంధం?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం.

బాయిలో పనిచేసినవారికి సంపు తెలుసు. ఎక్కడెక్కడ ఊరిన నీరైనా వాలును బట్టి కాలువల వెంట వచ్చి సంపులో చేరుతుంది. మన శరీరంలో కూడా అలాంటి ఏర్పాటే ఒకటి వుంది. కండల్లో, చర్మంలో ఊరే పలచని ద్రవాన్ని లింఫు అంటారు. అది సన్నని నాళాల గుండా ప్రవహించి లింఫు గ్రంథుల్లో చేరుతుంది. చిక్కుడు గింజ ఆకారంలో వుండే ఈ గ్రంథులు సూక్ష్మజీవులను, చెత్తను వడగట్టి ఆపుతాయి. ఒక్క మెడలోనే ఇలాంటి గ్రంథులు దాదాపు మూడు వందలు వుంటాయి. పన్ను చీము పట్టినప్పుడు దవడ కింద బిళ్ళ కట్టడం మీరు చూసే వుంటారు. ఆ బిళ్ళ ఈ గ్రంథే.

నాలుక అంతా కండ. దాని నిండా లింఫు నాళాలు దట్టంగా అల్లుకుని వుంటాయి. పైగా నాలుక ఊరుకోదు. మాట్లాడినా, మింగినా, చివరికి నిద్రలో ఉమ్మి మింగినా కదులుతూనే వుంటుంది. పుండు లోతుగా దిగితే, కేన్సర్ కణాలు ఈ నాళాల్లో పడతాయి. అలా వచ్చిన కణాలకు తొలి మజిలీ దవడ కింది గ్రంథులు, మెడ పైభాగంలో పెద్ద సిర వెంట వుండే గ్రంథులు. అక్కడ కొన్నాళ్ళు ఆగుతాయి. అక్కడే పెరిగి, గ్రంథి గోడను చీల్చుకుని బయటపడితే ఇక వాటిని పట్టుకోవడం కష్టం.

కాబట్టి డాక్టరు దృష్టిలో నాలుక కేన్సర్ అంటే నాలుక ఒక్కటే కాదు. నాలుక, మెడ కలిసి ఒకే ఇల్లు. ముందు గదిలో దొంగ పడ్డాడని తెలిసినప్పుడు వెనక గది కూడా చూడాలి గదా!

చేతికి తగలనంత మాత్రాన లేనట్టు కాదు

‘‘మెడ మీద గడ్డ లేదు’’ అంటే అర్థం ఏమిటి? డాక్టరు వేళ్ళకు తగలలేదని. స్కానింగులో కూడా ఏమీ లేదంటే, స్కానింగు పట్టుకోగలిగినంత పెద్దది లేదని మాత్రమే. రెండు మూడు మిల్లీమీటర్ల కేన్సర్ కణాల గుంపు గ్రంథి లోపల దాగి వుంటే దాన్ని వేలూ పట్టుకోలేదు, అల్ట్రాసౌండూ, సి.టి. స్కానూ నమ్మకంగా పట్టుకోలేవు. గ్రంథిని బయటికి తీసి, పలచని పొరలుగా కోసి, సూక్ష్మదర్శిని కింద చూస్తేనే బయటపడుతుంది.

అలా చూసినప్పుడు ఏం తేలింది? నాలుక కేన్సర్ తొలిదశలోనే వుండి, మెడలో ఏమీ తగలని రోగుల్లో నూటికి ఇంచుమించు ఇరవై నుంచి ముప్పై మందికి గ్రంథుల్లో అప్పటికే కేన్సర్ దాగి వుంది!

మరి మిగిలిన డెబ్భై, ఎనభై మంది సంగతి? వాళ్ళ మెడ శుభ్రంగానే వుంది. వాళ్ళకు కూడా కత్తి పెట్టాలా? డాక్టర్ల వాదనంతా సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే నడిచింది.

వందేళ్ళ వాదన

మెడలోని గ్రంథులన్నిటినీ ఒక పద్ధతి ప్రకారం తొలగించే ఆపరేషన్‌ను అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కు చెందిన సర్జన్ జార్జ్ క్రైల్ 1906లో వైద్య ప్రపంచం ముందు పెట్టాడు. 132 ఆపరేషన్ల అనుభవాన్ని ఆయన వివరించాడు. ఆ ఆపరేషన్ ప్రాణం కాపాడేది గానీ మనిషిని అవిటి చేసేది. గ్రంథులతోపాటు మెడ పక్కనుండే పెద్ద కండను, పెద్ద సిరను, భుజాన్ని లేపే నరాన్ని కూడా తీసేసేవారు. మెడ ఒకవైపు గుంట పడేది, భుజం జారిపోయేది, చెయ్యి తల పైకి లేచేది కాదు. 1960లలో అర్జెంటీనా సర్జన్ ఓస్వాల్డో స్వారెజ్, ఆ తర్వాత ఇటలీ సర్జన్ ఎటోరె బొక్కా, కండనూ సిరనూ నరాన్నీ కాపాడుతూ గ్రంథులను మాత్రమే తీయవచ్చునని చూపించారు. ఇవాళ మొదటి దశ నాలుక కేన్సర్‌కు చేసే మెడ ఆపరేషన్ ఈ దారిలో వచ్చినదే. అంటే మీ తాతల కాలంనాటి భయంతో ఇవాళ్టి ఆపరేషన్‌ను కొలవకూడదు.

ఆపరేషన్ తేలికైనా వాదన తెగలేదు. ఒక వర్గం ‘‘గడ్డ రాకముందే తీసేద్దాం’’ అంది. రెండో వర్గం ‘‘నాలుక మీది పుండు తీసేసి, మెడను నెలనెలా చూస్తూ వుందాం, గడ్డ వచ్చినవారికే చేద్దాం, మిగతావారికి ఆపరేషన్ తప్పుతుంది’’ అంది. రెండూ తెలివైన మాటలే. ఫ్రాన్సులో 1980లో, బొంబాయిలో 1989లో, బ్రెజిల్‌లో 1994లో ఈ విషయం మీద పరిశోధనలు వెలువడ్డాయి. కానీ వాటిలో పాల్గొన్న రోగులు తక్కువ, వచ్చిన ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. నేను వరంగల్లులో చదువుకునే రోజుల్లో ఈ ప్రశ్నకు ‘‘రెండు పద్ధతులూ వున్నాయి’’ అనేదే జవాబు.

బొంబాయి చెప్పిన తీర్పు

ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రిలో డాక్టర్ అనిల్ డిక్రూజ్, ఆయన సహచరులు 2004లో ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. నోటి కేన్సర్ తొలిదశలో వుండి, మెడలో గడ్డ లేనివారిని తీసుకున్నారు. వారిలో ఎక్కువమందికి వున్నది నాలుక కేన్సరే. ఎవరికి ఏ పద్ధతి అన్నది డాక్టరు ఇష్టం మీద గానీ రోగి ఇష్టం మీద గానీ వదలలేదు. చీటీలు వేసినట్టుగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు నాలుక ఆపరేషన్‌తోపాటే మెడ ఆపరేషన్ కూడా. రెండో గుంపుకు నాలుక ఆపరేషన్ మాత్రమే. మెడలో గడ్డ కనిపిస్తే అప్పుడు ఆపరేషన్.

అయిదు వందల మంది ఫలితాలు 2015లో బయటికి వచ్చాయి. మూడేళ్ళ తర్వాత లెక్క చూస్తే, ముందే మెడ ఆపరేషన్ చేయించుకున్నవారిలో నూటికి 80 మంది బతికి వున్నారు. వేచి చూసినవారిలో నూటికి 67.5 మంది. జబ్బు తిరగబెట్టకుండా వున్నవారు మొదటి గుంపులో నూటికి 69.5, రెండో గుంపులో 45.9 మాత్రమే. ఇంకో విధంగా చెప్పాలంటే, ముందుగా మెడ ఆపరేషన్ చేయించుకున్న ప్రతి ఎనిమిది మందిలో ఒక ప్రాణం అదనంగా నిలబడింది. తేడా ఇంత స్పష్టంగా కనబడడంతో 2014లోనే కొత్త రోగులను చేర్చుకోవడం ఆపేశారు.

ఈ ఫలితాలను అమెరికాలో జరిగే కేన్సర్ డాక్టర్ల మహాసభలో ప్రధాన వేదిక మీద చదివారు. ప్రపంచమంతటా డాక్టర్లు తమ పద్ధతులు సరిచూసుకున్నారు. తంబాకు నమిలే మన దేశపు రోగులే ఈ జవాబును ప్రపంచానికి ఇచ్చారు.

ఇందులో మీరు గమనించవలసిన సంగతి ఇంకొకటి వుంది. వేచి చూసిన గుంపును అక్కడ గాలికి వదిలెయ్యలేదు. మొదట్లో నెలకొకసారి పిలిచి మెడ పరీక్షించారు. అంత జాగ్రత్తగా చూసినా, గడ్డ కనబడే వేళకు చాలామందిలో జబ్బు ముదిరి వుంది, గ్రంథి గోడ దాటి వుంది. మరి మన సంగతేమిటి? నాలుక పుండు మానింది, అన్నం తింటున్నాం, షిఫ్టుకు పోతున్నాం. మస్టరు పోగొట్టుకుని, మంచిర్యాలలో రైలెక్కి, నెలనెలా హైదరాబాదు వెళ్ళి మెడ చూపించుకునేవారు ఎంతమంది? నాకు తెలిసి చాలా తక్కువ.

ముగ్గురు మనుషులు

ఒక కోల్ ఫిల్లరు నాలుక ఆపరేషన్‌కు ఒప్పుకుని, మెడ ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. ‘‘గడ్డ లేస్తే అప్పుడే తీపిచ్చుకుంట సారూ, ఇప్పుడేం తొందర?’’ అన్నాడు. మెడ కోస్తే భుజం పడిపోయి, బాయి పనికి అన్‌ఫిట్ అవుతానని అతని భయం. మొదటి రెండు నెలలు చూపించుకున్నాడు. తర్వాత బిడ్డ పెళ్ళి వచ్చింది, పండుగలు వచ్చాయి. ఏడు నెలలకు నా దగ్గరికి వచ్చినప్పుడు దవడ కింద రాయిలాంటి గడ్డ వుంది. ఆపరేషన్ చేశారు, కరెంటు పెట్టారు, మందులు ఎక్కించారు. ఏడాది తిరగలేదు. నాలుక మీద పుండు జాడ కూడా లేదు. అతన్ని తీసుకుపోయింది మెడే.

రెండో ఆయన ఎలక్ట్రీషియను. మెడ ఆపరేషన్ అనగానే ఆయనా నసిగాడు. భార్య మాత్రం, ‘‘ఒక్కపారి మత్తు ఇచ్చినంక రెండూ అయిపోతయి గదా, మల్లెందుకు పోవుడు?’’ అంది. ఒప్పించింది. తీసిన గ్రంథుల్లో రెండింటిలో కేన్సర్ వుందని రిపోర్టు వచ్చింది. ఎవరి వేలికీ తగలనివి అవి. వెంటనే కరెంటు చికిత్స ఇచ్చారు. ఇది జరిగి ఆరేళ్ళు దాటింది. ఆయన సర్ఫేస్ డ్యూటీ చేసుకుంటున్నాడు. పచ్చడి తినలేనని విసుక్కుంటాడు, అంతే.

మూడో ఆమె ఇంటి దగ్గర బీడీలు చుట్టే మనిషి. ఆపరేషన్ అయ్యాక గ్రంథులన్నీ శుభ్రంగా వున్నాయని రిపోర్టు వచ్చింది. అందరూ సంతోషిస్తారనుకుంటే, ఆమె కొడుకు కాగితం పట్టుకుని వచ్చి నిలదీశాడు. ‘‘అంతా మంచిగనే ఉన్నదంటున్నరు. మరి అమ్మను ఉత్తగనే కోసిన్రా సార్?’’

ఈ మాటకు జవాబు చెప్పడం అన్నిటికంటే కష్టం. ఆ కుర్రవాడు బాయిలో సపోర్టు పని చేస్తాడు. ‘‘తమ్మీ, కప్పుకు సపోర్టు ఎప్పుడు పెడతారు, కూలినంకనా, కూలకముందా?’’ అని అడిగాను. ‘‘కూలకముందే.’’ ‘‘సపోర్టు పెట్టిన ప్రతి చోటా కప్పు కూలేదేనా?’’ కాసేపు ఆలోచించి, ‘‘కాదు. కానీ ఏది కూలుతదో ముందుగాల ఎట్ల ఎరుకైతది?’’ అన్నాడు. నేను చెప్పవలసింది అతనే చెప్పేశాడు. శుభ్రంగా వుందని రిపోర్టు రావడం ఆపరేషన్ వృథా అయిందనడానికి గుర్తు కాదు. ఆమెకు ఇక కరెంటు చికిత్స అక్కర్లేదని, భయం చాలావరకు తీరిందని ఆ కాగితం చెబుతోంది. ఆపరేషన్ లేకపోతే ఆ సంగతి తెలిసే దారే లేదు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

నాలుక మీది పుండును చుట్టూ కాస్త మంచి కండతో సహా తీసేస్తారు. అదే మత్తులో, పుండు ఏ పక్క వుంటే ఆ పక్క మెడ మీద, చర్మం ముడత వెంట కోత పెడతారు. గడ్డం కింద, దవడ కింద, మెడ పైభాగంలో, నడిమి భాగంలో వుండే గ్రంథులను చుట్టూ వున్న కొవ్వుతో కలిపి ఒకే ముద్దగా తీస్తారు. అవసరాన్ని బట్టి ఇంకొంచెం కిందికి కూడా వెళ్తారు. కండ, పెద్ద సిర, భుజం నరం అలాగే వుంటాయి. పుండు నాలుక మధ్యగీతకు దగ్గరగా వుంటే రెండు పక్కలా చేయవలసి రావచ్చు. లోపల ఊరే నీరు బయటికి పోవడానికి సన్నని గొట్టం పెట్టి, కొద్ది రోజుల తర్వాత తీసేస్తారు.

ఇబ్బందులే వుండవని నేను చెప్పను. చెవి తమ్మె దగ్గర, మెడ చర్మం మీద కొంత మొద్దుబారుతుంది. కింది పెదవి ఒక మూల కొన్నాళ్ళు వంకరగా కదలవచ్చు. నరాన్ని కాపాడినా, అది కదిలిన కారణంగా భుజం కొన్ని వారాలు, నెలలు బరువుగా, నొప్పిగా వుంటుంది. దీనికి వ్యాయామమే మందు. గోడకు పక్కగా నిలబడి వేళ్ళను గోడ మీద మెల్లగా పైకి పాకించడం, చెయ్యిని గుండ్రంగా తిప్పడం డాక్టరు చెప్పిన రోజు నుంచి రోజూ చెయ్యాలి. ‘‘కుట్లు పిగులుతాయేమో’’ అని చెయ్యిని కడుపుకు కట్టుకుని కూర్చున్నవారి భుజమే బిగుసుకుపోతుంది. చెప్పిన వ్యాయామం చేసినవారిలో చాలామంది పనికి తిరిగి వెళ్ళారు.

అందరికీ ఇదే పద్ధతా?

చాలామందికి ఇదే. కొద్దిమందికి మినహాయింపు వుంటుంది. పుండు వెడల్పు కంటే లోతు ముఖ్యం. పైకి చిన్నగా కనిపిస్తూ లోపలికి మేకులా దిగిన పుండు, వెడల్పుగా వుండి పైపైనే వున్న పుండు కంటే ప్రమాదకరం. మూడు మిల్లీమీటర్ల లోతు కూడా దిగని పుండుకు మెడ ఆపరేషన్ వల్ల లాభం వుందని ముంబయి పరిశోధనలో స్పష్టంగా తేలలేదు. అలాంటివారిలో కొందరిని, ప్రతి నెలా తప్పకుండా వస్తారన్న నమ్మకం వుంటే, డాక్టర్లు గమనిస్తూ వుండవచ్చు. లోతు నాలుగు మిల్లీమీటర్లకు చేరిందంటే ఇక సందేహించకూడదు.

కాపలా గ్రంథి పరీక్ష అని మరో పద్ధతి కూడా వచ్చింది. పుండు చుట్టూ కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి, అది ముందుగా ఏ గ్రంథికి చేరుతుందో కనిపెట్టి, ఆ ఒకటి రెండు గ్రంథులనే తీసి పరీక్షిస్తారు. వాటిలో కేన్సర్ వుంటేనే మిగిలినవి తీస్తారు. ఫ్రాన్సులో 2020లో, జపానులో 2021లో వెలువడిన పరిశోధనల్లో ఇది మెడ ఆపరేషన్‌కు తీసిపోలేదని తేలింది. అయితే దీనికి ప్రత్యేకమైన యంత్రాలు, చెయ్యి తిరిగిన సర్జను, ఓపికగల పాథాలజిస్టు కావాలి. ఆ సదుపాయం వున్నచోట అడగండి. లేనిచోట దానికోసం నెలలు వృథా చేయకండి.

‘‘మెడకు కత్తి ఎందుకు, కరెంటు పెట్టించుకుంటే సరిపోదా?’’ అని కొందరు అడుగుతారు. మొదటి దశలో ఆపరేషనే మేలు. కరెంటు చికిత్సకు ఉమ్మి ఎండిపోవడం, పళ్ళు పాడవడం వంటి బాధలు వున్నాయి. దాన్ని నిజంగా అవసరమైనవారికి, అంటే గ్రంథుల్లో కేన్సర్ బయటపడినవారికి వాడుకోవాలి. అవసరమైనప్పుడు మాత్రం ఆలస్యం పనికిరాదు. ఆపరేషన్ అయిన ఆరు వారాలలోపే మొదలుకావాలి. గ్రంథి గోడ చీల్చుకుని కేన్సర్ బయటికి వచ్చిందని రిపోర్టులో వుంటే, కరెంటుతోపాటు మందు కూడా ఎక్కిస్తారు.

ఖర్చు మాట

సింగరేణి కార్మికులు కంపెనీ ఆస్పత్రి ద్వారా రిఫరల్ తీసుకోవచ్చు. మిగిలిన కుటుంబాలకు ఆరోగ్యశ్రీ వుంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రి ప్రభుత్వానిదే. మంచిర్యాలలో, రామగుండంలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి కాబట్టి, పుండు చూపించుకుని ముక్క పరీక్ష చేయించుకోవడానికి ఇప్పుడు వందల మైళ్ళు పోనక్కర్లేదు. పొలం అమ్మేముందు ఈ తలుపులన్నీ తట్టి చూడండి.

సర్జన్ని అడగవలసినవి

ఆపరేషన్‌కు ముందు మూడు ప్రశ్నలు అడగండి. పుండు లోతు ఎంత వుండవచ్చు? మెడ ఆపరేషన్ ఒక పక్కా, రెండు పక్కలా? భుజం నరాన్ని కాపాడతారా? అడిగితే డాక్టరుకు కోపం వస్తుందని మొహమాటపడకండి.

ఆపరేషన్ తర్వాత వచ్చే పాథాలజీ రిపోర్టును కళ్ళజోడులా భద్రంగా దాచుకోండి. అందులో మూడు సంగతులు చూడమని మీ దగ్గరి డాక్టరును అడగండి. ఎన్ని గ్రంథులు తీశారు, వాటిలో ఎన్నింటిలో కేన్సర్ వుంది, గ్రంథి గోడ దాటిందా లేదా. కనీసం 18 గ్రంథులు పరీక్షకు వెళ్తే మెడ ఆపరేషన్ సంతృప్తికరంగా జరిగిందని సాధారణంగా అనుకుంటారు.

ఆ తర్వాత తంబాకు, వక్క పూర్తిగా మానెయ్యాలి. ఒకసారి కేన్సర్ వచ్చిన నోటిలో మరోచోట కొత్తగా రావచ్చు. మొదటి రెండేళ్ళు చెప్పిన తేదీకల్లా తప్పకుండా వెళ్ళి చూపించుకోవాలి. తిరగబెట్టే జబ్బులో ఎక్కువ భాగం ఆ రెండేళ్ళలోనే బయటపడుతుంది.

ఇంట్లో తంబాకు అలవాటు వున్నవారు ఎవరైనా వుంటే, నెలకొక ఆదివారం అద్దం ముందు నిలబెట్టి నాలుక బయటికి పెట్టమనండి. రెండు అంచులూ, అడుగు భాగం, బుగ్గల లోపలి వైపు చూడండి. మూడు వారాలకు మానని పుండు కనిపిస్తే ముక్క పరీక్ష చేయించండి. అది కేన్సరే అయితే, మొదటి దశలోనే దొరికితే, సర్జను ‘‘మెడ కూడా చేద్దాం’’ అంటే, గడ్డ లేదు గదా అని వెనక్కి రాకండి. గడ్డ లేనప్పుడు చేయడంలోనే మేలు వుంది.